తెల్ల ఎండ్రికాయకు నా వకాల్తా

అయ్యలారా, అమ్మలారా! తాండూరు వాగులో ఎండ్రికాయలు తెల్లబడ్డాయని ఎవరైనా కంగారు పడుతుంటే, వారికి ఊరు బాగుపడటం గిట్టదని నేను బల్లగుద్ది చెబుతాను.

నల్ల ఎండ్రికాయ మనకేం ఒరగబెట్టింది? బురదలో బురదలా పడి ఉండేది. తెలియక కాలు పెడితే పట్టుకునేది. ఇప్పుడు చూడండి! బండల పాలిషింగు షెడ్ల రాతిపిండి నీళ్లను పెద్ద మోరీ తవ్వి వాగులోకి వదిలిన రెండేళ్లకే, అది పాలిపోయి, సున్నం కొట్టినట్టు వంద గజాల నుంచి కనిపిస్తోంది. ఎండ్రికాయలకు వెల్ల వేయించిన పట్టణం దేశంలో ఇంకెక్కడైనా ఉందా?

ఒక్క ఎండ్రికాయలతోనే ఆగలేదు. మత్తయ్య నల్లబర్రె మొన్న వాగులో దిగి తెల్లగా లేచింది. తన బర్రె ఏదని అతను సాయంత్రం దాకా దాని పక్కనే నిలబడి వెతికాడు!

ఇక షెడ్డులో పనిచేసేవాళ్ల సంగతి. సైరన్ మోగాక గేటులోంచి వచ్చే వందమందిలో హిందువెవరో, ముస్లిమెవరో, ముసలెవరో, పడుచెవరో పోల్చుకోండి చూద్దాం! అందరిదీ ఒకటే రంగు. ఇస్మత్ బీ ఒకరోజు టిఫిన్ డబ్బా పక్కింటాయన చేతిలో పెట్టి, ఆయన సగం తినేదాకా మొగుడే అనుకుందట. సమైక్యత మీద ఎన్ని ఉపన్యాసాలిస్తే ఇంత పని జరుగుతుంది? కొంచెం దగ్గు వస్తుందంటారు. వస్తే రానీండి, దగ్గును బట్టే ఎవరు ఎవరో పోల్చుకోవచ్చు.

ఇంత సౌభాగ్యానికి అడ్డుపడినవారు ఇద్దరు.

ఒకరు రుఖియా మేడం, జువాలజీ లెక్చరర్. వికారాబాదులో రైలెక్కి రోజూ తాండూరుకు వచ్చి పాఠం చెబుతారు. ఎండ్రికాయ పెంకు ఏ రంగులో ఉండాలో తల్లిదండ్రులిచ్చిన జన్యువుల్లో, అదే జీన్స్‌లో, రాసి ఉంటుందట. నీళ్లు చెడితే రంగు చూసుకునే జీన్స్ పడుకుంటాయట, ప్రాణం కాపాడేవి నిద్ర లేస్తాయట. రంగుకు పెట్టే ఓపికంతా అది బతకడానికే ఖర్చు పెట్టుకుంటుందట.

"అది షోకు కాదు సార్, పరేషానీ" అన్నారావిడ. చదువుకున్నవాళ్లు సంతోషంగా ఉండలేరు కదా!

రెండోవారు ఈశ్వరమ్మ. వాగొడ్డు వాడలో ఉంటుంది. ఆ నలభై ఇళ్లకు నల్లా లేదు. ఆడవాళ్లు వాగు ఇసుకలో చెలిమె తీసి, ఊరిన నీళ్లు ముంచుకుని తాగుతారు. చెలిమె ఎక్కడ పడితే అక్కడ తీయరు. ఎండ్రికాయ బొక్క చూసి, దాని పక్కనే తవ్వుతారు. అది కాపురమున్న చోట నీళ్లు తియ్యగా ఉంటాయని వాళ్ల అమ్మమ్మల నాటి నుంచీ నమ్మకం.

ఈ వేసవిలో వాడ దగ్గర ఆ తెల్లవి కూడా లేవు, బొక్కలన్నీ ఖాళీ. ఎనిమిది చోట్ల తవ్వినా తెల్లనీళ్లే ఊరాయి. నా చేతిరాతకు ఊళ్లో పేరుంది కనుక, ఈశ్వరమ్మ అర్జీ రాయించుకోవడానికి నా దగ్గరికే వచ్చింది.

"నల్లా గిట్ట అడుగుత లేము సారూ. గా మోరీ మూతి జర పక్కకు మలపమను. ఎండ్రికాయలు వాపస్ వస్తయి. గవి ఉన్నకాడ మేము చెలిమె తీసుకుంటం" అంది.

రాశాను. ముత్యాల్లాంటి అక్షరాలు! కింద ఆమె వేలిముద్ర, పక్కన రుఖియా మేడం సంతకం.

అర్జీ అందుకుని పట్నం నుంచి జీపులో కాలుష్యం చూసే ఆఫీసరు దిగాడు. నీళ్ల పరీక్షకు తెచ్చిన సీసా దారిలో పగిలిందట. ఆయన అర్జీ చదివి, "అయితే ఎండ్రికాయలు నల్లగా ఉంటే నీళ్లు మంచివన్నమాట! ఎల్లుండి వచ్చి చూస్తాను" అన్నాడు. చూశారా, సైన్సు ఎంత సులభమో!

మర్నాడే షెడ్ల ఓనర్లు సూపర్‌వైజర్ వలీని కుల్కచర్లకు పంపారు. అతను అక్కడి చెరువులో పట్టించిన నల్ల ఎండ్రికాయలను రెండు తడి గోనెసంచుల్లో వేసుకుని బస్సులో వచ్చాడు. దారిలో ఒక సంచి మూతి ఊడింది. ఆ రూట్లో నిలబడ్డవాళ్లందరికీ సీట్లు దొరికిన రోజు అదొక్కటే. అందరూ వాటి మీదికెక్కి నిలబడ్డారు.

"ఫికర్ జేయకుండ్రి సార్, ఒక్కొక్కటి బొగ్గు లెక్క ఉన్నది" అన్నాడు వలీ నాతో.

ఆఫీసరు వచ్చే వేళకు సంచులు వాగులో గుమ్మరించారు. ఆయన గట్టు మీద గొడుగు కింద నిలబడి నలభై దాకా లెక్కపెట్టాడు. అన్నీ నల్లగా నిగనిగలాడుతున్నాయి. తృప్తిగా తల ఊపాడు.

అప్పుడు మొదటిది గట్టెక్కింది. దాని వెనక రెండోది. పది నిమిషాల్లో మొత్తం నలభై, అడ్డంగా నడుచుకుంటూ, జీపు కింద నుంచి రోడ్డు దాటి అవతలి చేలల్లోకి వెళ్లిపోయాయి. ఒక్కటి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. చేసిన మర్యాదంతా బూడిదలో పోసిన పన్నీరైంది!

ఖాళీ బిందె పట్టుకుని నిలబడ్డ ఈశ్వరమ్మ గట్టిగా అంది: "సూడు సారూ! వచ్చిన సుట్టాలు పది నిమిషాలన్న నిలువలే. మేము రెండేండ్ల సంది తాగుతున్నం."

ఆఫీసరు నా వైపు తిరిగి "రాసుకోండి" అన్నాడు. మరి ఆయన శాఖకు తాండూరులో ఉన్న ఆఫీసులో గుమస్తాను నేనే కదా!

రాసుకున్నాను. "సదరు వాగులో నల్లని, నిగనిగలాడే, ఆరోగ్యకరమైన ఎండ్రికాయలు సమృద్ధిగా ఉన్నవి. వాగు చాలక గట్టు మీదికి సైతం వచ్చుచున్నవి. కావున ఫిర్యాదు నిరాధారము." అర్జీ రాసిన పెన్నుతోనే రాశాను. అక్షరాలు ఈసారి ఇంకా బాగా కుదిరాయి.

వారం తర్వాత ఈశ్వరమ్మ ఆ జవాబు కాగితం పట్టుకుని ఆఫీసుకొచ్చింది. "నీ సేతిరాతనే గదా సారూ, జర సదువు" అంది. చదివాను. చదువుతున్నంతసేపూ ఆమె కాగితం వైపు చూడలేదు, నా మొహం వైపే చూసింది. తర్వాత బిందె చంకనెత్తుకుని వెళ్లిపోయింది. ఇప్పుడు నీళ్ల కోసం మోరీకి ఎగువన, ఎండ్రికాయలు ఇంకా ఉన్న చోటికి, కోసున్నర దూరం నడుస్తోందట.

నా మొహంలో ఆమె ఏం వెతికిందో నాకు అంతుపట్టలేదు. ఇంటికెళ్లి అద్దంలో చూసుకున్నాను. ఏ మార్పూ లేదు. నల్లగా, నిగనిగలాడుతూ, ఆరోగ్యంగా ఉంది.