హార్లో వీధి బడిని మేము కాపాడిన వైనం

మా పేటలోని హార్లో వీధి ప్రాథమిక పాఠశాల పరిరక్షణ కమిటీ తన ఆశయాన్ని సాధించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. బడి నిలిచింది. పైకప్పు మార్చారు. తరగతులు నిండాయి. మా అమ్మాయి మేబెల్ అందులో నాలుగో తరగతి చదువుతోంది. ఈ విజయం ఏ క్రమంలో వచ్చిందో రాస్తే ఇతర పేటలవారికి మార్గదర్శకంగా ఉంటుందని కమిటీ తన కార్యదర్శినైన నన్ను ఆదేశించింది. ఆదేశం మేరకు ఈ నివేదిక.

కిందటేడు ఆగస్టులో మా నగర పాఠశాలల బోర్డు తొమ్మిది బడుల జాబితా వెలువరించింది. పిల్లలు తగ్గిపోయారు, బడులు మిగిలిపోయాయి అన్నది బోర్డు బాధ. ‘మూసివేత’ అన్న మాట ఆ జాబితాలో ఎక్కడా లేదు. సూపరింటెండెంట్ డాక్టర్ గార్నెట్ హోల్‌బ్రూక్ గారు పత్రికలవారిని పిలిచి వివరించారు: “మేం ఒక్క బడిని కూడా మూయడం లేదు. కొన్ని బడుల పిల్లలను ఇతర బడుల్లో తెరుస్తున్నాం. అంతే.”

జాబితాలో మా బడి ఐదోది. దానికి ఒక అవకాశం ఇచ్చారు. అక్టోబరు తలల లెక్కలో రెండు వందల ఇరవై మంది తేలితే బడి ఉంటుంది. తేలకపోతే పిల్లలను ఇతర చోట్ల తెరుస్తారు. సెప్టెంబరు మొదటి వారంలో మా బడి పట్టీలో ఉన్న పేర్లు రెండు వందల పదమూడు.

తలల లెక్క మా రాష్ట్రంలో అక్టోబరు మొదటి బుధవారం. ఆ రోజు బల్ల ముందు కూర్చున్న పిల్లే పిల్ల. మర్నాడు వచ్చినా రానట్టే. ఆ రోజు వచ్చి మళ్లీ మొహం చూపించకపోయినా ఏడాదంతా వచ్చినట్టే. అందుకని ఆ బుధవారం ప్రతి బడిలోనూ డోనట్లు పంచుతారు, సైకిలుకి చీటీలు తీస్తారు, పరీక్షలు పెట్టరు. ఆ రోజు జ్వరం తెచ్చుకోవద్దని పిల్లలకు వారం ముందే చెబుతారు. పాఠాలు గురువారం నుంచి యథావిధిగా బాగుండవు.

జాబితా వచ్చిన నాలుగో రోజున మేము కమిటీ ఏర్పాటు చేసుకున్నాం. ముప్పై ఒక్క కుటుంబాలు చేరాయి. అధ్యక్షురాలు ప్రిసిల్లా వాండర్‌మీర్ గారు, వృత్తిరీత్యా న్యాయవాది. ‘మా బడి, మా ఊపిరి’ అన్న బోర్డులు అచ్చు వేయించి ఇళ్ల ముందు పచ్చికలో పాతాం. మాది మూల ఇల్లు కనుక రెండు వీధులకూ కనబడేలా నేను రెండు పాతాను. అర్జీ మీద పంతొమ్మిది వందల సంతకాలు పడ్డాయి. ఒక పేట తన బడిని ఇంతగా ప్రేమించడం తానెక్కడా చూడలేదని స్థానిక టీవీ విలేకరి అన్నది. మేమూ చూడలేదు.

కార్యదర్శిగా సభ్యుల వివరాలు నేనే సేకరించాను. ముప్పై ఒక్క కుటుంబాల్లో బడి ఈడు పిల్లలు నలభై నలుగురు. లాటరీలో సీటు తగిలి నగరంలోని ప్రత్యేక బడులకు వెళ్లేవారు పంతొమ్మిది మంది. చర్చి బడులకు, ప్రైవేటు బడులకు వెళ్లేవారు పద్నాలుగు మంది. అమ్మమ్మల చిరునామాల మీద శివారు పట్టణాల బడులకు వెళ్లేవారు ఆరుగురు. ఇంట్లోనే చదువుకునేవారు ఐదుగురు. హార్లో వీధి బడికి వెళ్లేవారి కోసం కూడా ఒక గడి గీశాను. అందులో అడ్డగీత పెట్టాను. అందరూ శాకాహారులే గానీ రొయ్యల బుట్ట ఏమైందో ఎవరికీ తెలియదు.

ఆ బడికి పిల్లను పంపుతూ మా సమావేశాలకు వచ్చిన మనిషి ఒక్కరే. యూలా పికెట్ గారు. అరవై ఒక్కేళ్లు. ఆసుపత్రి లాండ్రీలో పని. కూతురి కూతురు జెనీస్‌ను ఆమే పెంచుతున్నారు. వాళ్ల ఇల్లు బడికి ఎదురుగా. బడిలో ఉదయం ఫలహారం గది ఆరూ నలభైకి తెరుస్తారు. యూలా గారు పిల్లను రోడ్డు దాటించి అక్కడ వదిలి, నగర బస్సెక్కి, ఏడున్నరకి పనిలో ఉంటారు. బడి పోతే జెనీస్ నాలుగు మైళ్ల అవతల డన్‌మోర్ బడికి వెళ్లాలి. దానికి స్కూలు బస్సు ఉంది. డ్రైవర్లు లేరు. ఉన్న డ్రైవర్లు ఒక్కొక్కరు మూడు రూట్లు తిప్పుతారు కనుక బస్సు ఎప్పుడొస్తే అదే దాని వేళ. పిల్లను బస్సెక్కించి వెళ్తే యూలా గారి పని పోతుంది. ఎక్కించకుండా వెళ్తే తొమ్మిదేళ్ల పిల్ల రోడ్డు మీద ఒంటరిగా నిలబడాలి.

మూడో సమావేశంలో, బ్యానరు ఆకుపచ్చగా ఉండాలా నీలంగా ఉండాలా అన్న చర్చ గంట నడిచాక, ఆమె చెయ్యెత్తారు.

“నాకు లెక్కలు అంతగా రావు. ఇరవైలోంచి పదమూడు పోతే ఏడేగా?”

అవునన్నాం.

“ఈ గదిలో బడి పిల్లలున్నవాళ్లు ఎంతమంది?”

అందరం చేతులెత్తాం.

“మరింకేం. ఏడుగురిని పంపండి. ఈ రంగుల గొడవ తీరిపోద్ది.”

ప్రిసిల్లా గారు లేచి నిలబడ్డారు. “యూలా గారూ, మీ ఆవేదన మాకు అర్థమైంది. కానీ ఇది ఏడుగురు పిల్లల సమస్య కాదు. వ్యవస్థ సమస్య. వ్యవస్థ సమస్యను వ్యక్తుల నెత్తిన రుద్దితే ఉద్యమం బలహీనపడుతుంది. మన పిల్లలను మన పోరాటంలోకి లాగవద్దని మనవి.”

చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

బయట మెట్ల దగ్గర యూలా గారు నన్ను ఆపారు.

“మీ పాప మా జెనీస్ ఈడుదేగా బాబూ?”

“అవునండీ. మూడో తరగతి.”

“దాన్నొక్కదాన్ని పంపు. పొద్దున్నే నేనే చెయ్యి పట్టుకుని దాటిస్తా. నిన్ను చూసి ఇంకో ఆరుగురు కదులుతారు.”

మేబెల్‌కు లాటరీలో సీటు రావడానికి రెండేళ్లు పట్టిందని, అక్కడ వయొలిన్ నేర్పుతారని, ఒకసారి వదిలితే ఆ సీటు మళ్లీ రాదని, తీరా ఇక్కడ చేర్చాక ఈ బడి మూసేస్తే పిల్ల రెంటికీ చెడుతుందని వివరించాను. ఆమె అంతా విన్నారు.

“అంటే బడి ఉంటుందని తేలాక పంపుతావు.”

“అదే ఆలోచిస్తున్నామండీ.”

“నువ్వు పంపితేగా అది ఉండేది.”

ఈ అంశాన్ని వచ్చే సమావేశం ఎజెండాలో చేరుస్తానని మాట ఇచ్చాను. చేర్చాను కూడా. ఏడో అంశం. సమయం చాలక సమావేశం ఆరో అంశంతో ముగిసింది.

సెప్టెంబరులో బోర్డు ప్రజాభిప్రాయ సేకరణ జరిపింది. గోడలకు అట్టలు తగిలించారు. అట్టల మీద ‘భద్రత’, ‘నాణ్యత’, ‘సమానత్వం’, ‘రేపటి నైపుణ్యాలు’ అని రాసి ఉంది. ఒక్కొక్కరికి మూడు చుక్కల స్టిక్కర్లు ఇచ్చి, మాకు ఏది ముఖ్యమో దాని మీద అంటించమన్నారు. ‘బడి మూయవద్దు’ అన్న అట్ట లేదు. మేము చుక్కలు అంటించాం. ప్రజలు నాణ్యతను, సమానత్వాన్ని కోరుకుంటున్నారనీ, మూసివేతకు వ్యతిరేకంగా ఒక్క చుక్క కూడా పడలేదనీ బోర్డు పెట్టుకున్న సలహా సంస్థ నివేదిక ఇచ్చింది. లెక్క సరిగ్గానే ఉంది.

తర్వాత బహిరంగ విచారణ. మనిషికి రెండు నిమిషాలు. ఎర్ర దీపం వెలగగానే మైకు ఆగుతుంది. కమిటీ తరఫున, మా బంధుమిత్రుల తరఫున ఎనభై ఏడుగురం పేర్లిచ్చాం. యూలా గారు పని నుంచి నేరుగా వచ్చేసరికి ఎనభై ఎనిమిదో చీటీ దొరికింది. నేను ఇరవై రెండో వక్తను. “రోజూ ఉదయం కారులో ఈ బడి ముందు నుంచే వెళ్తాను. ఆవరణలో పిల్లల కేరింతలు చెవిన పడందే నా రోజు మొదలవదు” అన్నాను. మేబెల్‌ను అవతలి పేట బడిలో దింపడానికి అదే దారి. ఎర్ర దీపం వెలిగాక ఇంకో పదిహేను సెకన్లు అడిగాను. ఇచ్చారు. ఎనభై ఏడో వక్త పూర్తి చేసేసరికి నిబంధనల ప్రకారం విచారణ సమయం ముగిసింది. మిగిలినవారు నలభై మాటలకు మించకుండా వెబ్‌సైటులో రాసుకోవచ్చని బోర్డు అధ్యక్షుడు చెప్పారు.

“బాగా మాట్లాడావు బాబూ” అన్నారు యూలా గారు, కోటు తొడుక్కుంటూ. “పిల్లల గోలంటే నీకంత ఇష్టమని నాకు తెలీదు.”

తలల లెక్క రోజున మా కమిటీ చేసిన ఏర్పాట్ల గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. బ్యాండు మేళం పెట్టించాం. ఆవరణలో పాన్‌కేకులు కాల్పించాం. అగ్నిమాపక శాఖవారు బండి పంపారు. మూడు వందల నలభై మంది పెద్దలు వచ్చారు. మా పిల్లలు రాలేదు, ఆ సమయంలో వాళ్ల వాళ్ల బడుల్లో లెక్కకు కూర్చున్నారు. ఓర్విల్ స్టాబ్ గారు అనే డెబ్భై ఏళ్ల పూర్వ విద్యార్థి రెండో తరగతి గదిలో తన పాత చోట కూర్చుని, తననూ లెక్కలో వేసుకోమని పట్టుబట్టారు. వేసుకోలేదు. బల్లలోంచి ఆయన లేవలేకపోతే అగ్నిమాపక సిబ్బంది వచ్చి తీశారు. వాళ్లు ఆ రోజు చేసిన పని అదొక్కటే.

ఎనిమిదిన్నరకి బడిలో ఉన్న పిల్లలు రెండు వందల నలుగురు. యూలా గారు ఆ రోజు సెలవు పెట్టారు. ఇల్లిల్లూ తిరిగారు. దగ్గుతో ముసుగు తన్నినవాణ్ణి లేపారు. బూట్లు దొరకని అన్నాచెల్లెళ్లకు బూట్లు వెతికి పెట్టారు. బ్యాండు మేళం రెండో పాట ముగించేసరికి మిగిలిన తొమ్మిదిమందినీ వెంటబెట్టుకుని గేటులోకి వచ్చారు. పట్టీలో పేరున్న ప్రతి పిల్లా హాజరైంది. రాష్ట్ర అధికారి రెండుసార్లు లెక్కపెట్టారు. రెండు వందల పదమూడు. హార్లో వీధి బడి చరిత్రలో నూటికి నూరు హాజరు అదే మొదటిసారి, అదే చివరిసారి. ఏడుగురు తక్కువ.

డిసెంబరులో బోర్డు ఒకటికి ఆరు ఓట్లతో తీర్మానించింది. ప్రజలు ఇంత చురుకుగా పాల్గొనడం ప్రజాస్వామ్యానికి గర్వకారణమని డాక్టర్ హోల్‌బ్రూక్ గారు మా కమిటీకి ప్రశంసాపత్రం ఇచ్చారు. జూన్‌లో బడి మూశారు. జెనీస్‌ను డన్‌మోర్‌లో తెరిచారు.

ఇక్కడితో కథ ముగిసిందని నిరాశావాదులు అనుకున్నారు. కానీ తీర్మానంలోనే రెండో భాగం ఉంది. ఖాళీ అయిన ఆ భవనంలో సెప్టెంబరు నుంచి ‘సరోవర పర్యావరణ, నాయకత్వ అకాడమీ’ నడుస్తుంది. రెండు వందల నలభై సీట్లు. లాటరీ. తరగతికి ఇరవై మంది. రోబోల ప్రయోగశాల. ఇంటికి దగ్గరివారికి ప్రాధాన్యం ఇస్తే దూరపువారికి అన్యాయం జరుగుతుందని, సమానత్వానికి పడిన చుక్కలను దృష్టిలో పెట్టుకుని, ఆ ప్రాధాన్యాన్ని తీసేశారు. దాని స్థానంలో, గత ఏడాది ప్రభుత్వ బడుల కోసం సామాజిక సేవ చేసిన కుటుంబాలకు గంటకొక మార్కు కలిపారు.

కమిటీ సమావేశాలన్నిటికీ సంతకాల పట్టీ నా దగ్గరే ఉంది. బ్యానరు రంగు మీద జరిగిన చర్చతో సహా నా సేవ తొంభై ఆరు గంటలు తేలింది. ప్రిసిల్లా గారిది నూట పది. వయొలిన్ సీటు వదులుకోవాలన్న నిర్ణయానికి మా ఇంట్లో పది నిమిషాలు పట్టింది. నలభై నలుగురికీ సీట్లు వచ్చాయి. అమ్మమ్మల చిరునామాల నుంచి కూడా పిల్లలు తిరిగి వచ్చారు.

జెనీస్ నిరీక్షణ జాబితాలో అరవై మూడో పేరు. యూలా గారి సేవా గంటలు నమోదు కాలేదు. వచ్చిన ప్రతిసారీ ఆమె పని నుంచి ఆలస్యంగా వచ్చేవారు, పట్టీ అప్పటికే చేతులు మారిపోయేది. తలల లెక్క రోజున సంతకాల పట్టీ బడి లోపల తిరిగింది. ఆమె బడి బయట తిరిగారు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. కానీ బంతిలో కూర్చోనివారికి వడ్డించే నిబంధన లేదు.

ఈ అక్టోబరు లెక్కలో మా బడి రెండు వందల నలభైకి రెండు వందల నలభై. డోనట్లు కూడా పంచనవసరం లేకపోయింది.

ఒక్క చిన్న ఇబ్బంది మిగిలింది. డన్‌మోర్ బస్సు ఆగేది మా గేటు ముందే. అది వచ్చేసరికి ఏడూ యాభై అవుతోంది. సరిగ్గా మా కార్లు వచ్చే వేళ. పది పన్నెండుమంది పిల్లలు మా గేటుకు ఆనుకుని నిలబడుతున్నారు. యూలా గారు లాండ్రీలో ఉదయం పని వదులుకుని, వాళ్లు పిలిచిన రోజున మాత్రం పనికి వెళ్తూ, జెనీస్ పక్కన నిలబడుతున్నారు. కమిటీ దీన్ని చర్చించి, స్టాపును రెండు వీధుల అవతల టైర్ల దుకాణం దగ్గరికి మార్పించాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. బోర్డు మర్నాడే ఒప్పుకుంది. ఆమెతో పరిచయం ఉన్నవాణ్ణి కనుక విషయం తెలియజేసే బాధ్యత నాకు అప్పగించారు.

“యూలా గారూ, సోమవారం నుంచి బస్సు టైర్ల దుకాణం దగ్గర ఆగుతుందండీ.”

“ఎవరు మార్చారు?”

“కమిటీ.”

“ఏ కమిటీ?”

“బడి పరిరక్షణ కమిటీయేనండీ.”

అప్పుడే మేబెల్ కారు దిగి గేటులోకి పరుగెత్తింది. దాని వెనక ప్రిసిల్లా గారి ఇద్దరు కొడుకులు. వాళ్ల వెనక మిగిలినవాళ్లు. యూలా గారు అందరూ లోపలికి వెళ్లేదాకా చూశారు.

“నేనడిగింది ఏడుగురినే బాబూ” అన్నారు. “మీరు అందర్నీ పంపారు.”

ఆ సాయంత్రం సమావేశపు పుస్తకంలో నేను ఇలా నమోదు చేశాను: ‘పూర్వ విద్యార్థిని సంరక్షకురాలు శ్రీమతి పికెట్ గారు బడిలో పెరిగిన పిల్లల సంఖ్యను గుర్తించి, కమిటీ కృషిని ప్రస్తావించారు.’ చదివి వినిపించాను. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.