గణపతికి ఏ గ్యాస్ సెగ శ్రేష్ఠం?

పాఠక మహాశయులారా! వానల్లో మట్టి వినాయకుడు ఆరకపోవడం ఆపద అనుకుంటున్నారా? ఎంత అజ్ఞానం! ఆరబెట్టడానికి నాలుగు ఇంధనాలు ఉండి, వాటిలో ఒకటి ఎంచుకోవలసి రావడమే ఈ యుగానికి దక్కిన మహాభాగ్యం.

ఎల్‌బీ నగర్‌లో విగ్రహాలు చేసే భిక్షపతికి ఆ భాగ్యం ఈ ఏడు సమృద్ధిగా ప్రాప్తించింది. ఎల్లుండే చవితి. చైతన్యపురి కాలనీవారి గణపతి షెడ్డులో ఇంకా పచ్చిగానే ఉన్నాడు. పచ్చిమట్టికి రంగు పట్టదు. రంగు లేని దేవుణ్ణి కమిటీ తీసుకుపోదు. అందుకే అతడు దిల్‌సుఖ్‌నగర్ నుంచి గ్యాస్ హీటర్ ఒకటి కిరాయికి తెచ్చాడు. సిలిండర్ గ్యాస్, పైప్ గ్యాస్, గోబర్ గ్యాస్, బర్నర్ మారిస్తే డీజిల్... ఏది ఇచ్చినా మండుతుందట! అగ్నిదేవునికి ఏడు నాలుకలు చాలుననుకున్న పూర్వులు ఎంత అల్పసంతోషులు!

"మా స్వామికి ఏ సెగ తగలాలో మేం తేల్చేదాకా వెలిగించొద్దయ్యా, భిక్షపతీ," అన్నారు కమిటీ కార్యదర్శి చక్రపాణి. వెంటనే వాట్సాప్ గ్రూపులో పోల్ పెట్టారు.

ఆహా, ఎంతటి శాస్త్రచర్చ! సిలిండర్ పేలితే? డీజిల్ పొగకు స్వామి నల్లబడితే? గోబర్ గ్యాస్ పరమ పవిత్రమే, కాని గోవేదీ? కాలనీలోని అమ్మాజీగారు తక్షణం ఆవుల ఫొటోలు పంపారు. గ్రూపంతా పరవశించింది.

చివరికి పైప్ గ్యాస్ అఖండ మెజారిటీతో నెగ్గింది. అది భిక్షపతి వీధికి ఇంకా రాలేదు. రానిదానికి పొగ లేదు, వాసన లేదు, పేలుడు లేదు! నిర్గుణతత్త్వాన్ని ఇంత సులభంగా గ్రహించిన కాలనీ భూమండలంలో మరొకటి ఉంటుందా?

"సారూ, పైపు మా గల్లీకి రాలే. సిలిండర్ నేనే తెచ్చుకుంట, జర ఒప్పుకోండ్రి," అని భిక్షపతి ఫోన్‌లో బతిమాలాడు.

"మెజారిటీని కాదంటే ఎలాగయ్యా?" అన్నారు చక్రపాణి.

భిక్షపతి భార్య అండాలమ్మ ఫోన్ లాక్కుంది. "గా పైపు వచ్చేదాంక దేవుణ్ణి ఎండల పెట్టాల్నా? ఎండ ఏది సారూ? మీ గ్రూపుల ఉంటే జర పంపుండ్రి!"

పంపారు. చక్కని సూర్యోదయం; దాని కింద 'శుభోదయం'.

చవితి ఉదయానికి స్వామి తొండం మెల్లగా బొజ్జ మీదికి జారసాగింది. భార్యాభర్తలు చెరోవైపు దాన్ని ఎత్తిపట్టి, ఎవరైనా వచ్చి ఓ చెయ్యి వేయమని స్పీకర్ ఫోన్‌లో మొరపెట్టుకున్నారు.

కమిటీ క్షణమైనా ఆలస్యం చేయలేదు. కొత్త పోల్ పెట్టింది: తొండం కుడివైపు ఉండాలా, ఎడమవైపు ఉండాలా?

ఓట్లు వర్షించాయి. ప్రతి ఓటు వెంటా జోడించిన చేతుల బొమ్మ. ఎన్నెన్ని చేతులో! ఒక్కటీ తొండం కిందికి రాలేదు.