ఆ వైపు డెలివరీ తగిలితే చెబుతా

“ఆ వైపు డెలివరీ లేదని ఎన్నిసార్లు చెప్పాలి?” అన్నారు మావారు, చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ.

“డాక్టరు చూడాల్సింది నా మోకాలిని. దానికీ మీ డెలివరీలకీ సంబంధం ఏమిటండీ?”

“ఉత్త వ్యాన్‌ని అంత దూరం పంపితే డీజిల్ ఎవరిస్తారు? ఆ పేటలో ఎవరో ఒకరు ఫ్రిజ్ కొనకపోతారా? అప్పుడు వెళ్దువుగాని.”

నెల రోజులుగా సాగుతున్న వాదన ఇది. తప్పంతా నాదే. డీజిల్ ధర పెరగడం మనుషులకు ఎంత మేలు చేస్తుందో నాకు ఆలస్యంగా తెలిసింది. అది ఇంకా పెరగాలని కోరుకుంటున్నాను. మీరూ కోరుకోండి!

మావారికి దుకాణాల నుంచి ఇళ్లకు సామాను చేరవేసే వ్యాన్లున్నాయి. ధర తక్కువగా ఉన్న రోజుల్లో మేం ఎంత అనాగరికంగా బతికామో తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఐస్‌క్రీమ్ తినడానికి ఊరి చివరిదాకా వెళ్లేవాళ్లం. వెనకాల ఒక్క బీరువా అయినా లేకుండా!

ఇప్పుడలా కాదు. మా మరిది రోజూ ఆఫీసుకు టై కట్టుకుని, రెండు పరుపుల మధ్య కూర్చుని వెళ్తాడు. ఏ పెద్ద కారులో అంత మెత్తటి సీటుంటుంది? ఒకరోజు నిద్రపోతే పరుపులతో పాటు అతన్నీ దించేశారు. కొన్నవాళ్లు మంచివాళ్లు, టిఫిన్ పెట్టి మరీ పంపారు.

ఇక అత్తయ్య సంగతి. ఆవిడ చెల్లెలుండే ఊళ్లో ఎవరో వాషింగ్ మెషీన్ కొన్నారు. ఇంకేం, అత్తయ్య దాని పక్కనే కూర్చుని బయల్దేరారు. దారి పొడవునా అది ఒరిగిపోకుండా చెయ్యేసి పట్టుకున్నారట. ఒక కూలీ ఖర్చు కూడా మిగిలింది!

అయితే వ్యాన్ ఖాళీగా వెనక్కి రాకూడదు. ఈ వ్యాపారంలో మొట్టమొదటి సూత్రం అది. ఆ రోజు తిరుగు లోడు దొరకలేదు. అందుకని చెల్లెలిగారినీ, ఆవిడ భర్తనీ, వాళ్ల మడత కుర్చీల్నీ ఎక్కించుకొచ్చేశారు.

ఎప్పుడు వెళ్తారని అడిగే కుసంస్కారం నాకు లేదు. పాపం, వాళ్ల ఊళ్లో ఎవరూ ఏమీ కొనడం లేదు. చిన్నత్తయ్య రోజూ పొద్దున్నే వాకబు చేస్తూనే ఉన్నారు.

“మా వైపు ఏమైనా తగిలిందా, నాయనా?”

“లేదు పిన్నీ. ఎవరో సోఫా అడిగారు గానీ, మళ్లీ మానుకున్నారు.”

“పోనీలే, తొందరేముంది. అమ్మాయ్, ఇంకాస్త కాఫీ ఉందా?”

బంధుత్వాలు సన్నగిల్లిపోతున్నాయని బాధపడే పెద్దలు ఒకసారి మా ఇంటికి రండి. సన్నగిల్లే ప్రసక్తే లేదు! వాళ్లకు మేడమీద గది ఇచ్చాం. వంటిల్లు కింద ఉంది. మధ్యలో మెట్లు. వ్యాయామం కోసం జనం డబ్బు కట్టి మరీ ఎక్కడెక్కడికో వెళ్తున్నారు. నాకా యోగం ఇంట్లోనే పట్టింది.

నిన్న సాయంత్రం కాఫీ, టిఫిన్ల పళ్లెం ఒక చేత్తో, గోడ ఒక చేత్తో పట్టుకుని మెట్లెక్కుతున్నాను. కింద మావారు ఫోన్‌లో డ్రైవర్ని కోప్పడుతున్నారు.

“ఇంకో బీరువా ఎందుకెక్కించావురా? దాని ఒంట్లో శక్తెంతో చూసుకోవద్దూ? చప్పుడొస్తోందంటే ఇప్పుడే షెడ్డుకు తీసుకెళ్లు. ఎంత దూరమైతేనేం, డీజిల్ పోతే పోయింది. బండి ఒకసారి కూలబడితే మళ్లీ లేస్తుందా?”

ఎంత దయగల మనసు! మెట్టు మీద ఆగి మొత్తం విన్నాను. నా మోకాలూ చప్పుడు చేస్తూనే ఉంది. కాకపోతే అది డీజిల్ తాగదు. పోసేది లేదు గనక, ఎంత నడుస్తోందో, ఎంత మోస్తోందో చూసినవాళ్లూ లేరు. ఈ ఇంట్లో ధర పెరగనిదాన్ని నేనొక్కదాన్నే.

ఈ పూట అందరూ భోజనానికి కూర్చున్నారు. వడ్డన ముగించి, నేనూ ఒక కుర్చీ లాక్కుని కూర్చుని, నెమ్మదిగా చెప్పాను.

“రేపు ఆ పేటకు డెలివరీ ఉంది. డాక్టరుగారి వీధిలోనే కదా మా అక్క ఇల్లు, తనకో మంచం కొన్నాను. పొద్దున్నే మన వ్యాన్‌లో దాంతో పాటు నేనూ వెళ్తున్నాను. మంచం అక్కడే ఉంటుంది. మోకాలు బాగయ్యేదాకా దాని మీద నేనుంటాను.”