జీవవైవిధ్యానికి రిబ్బను

శుభ్రం చెయ్యడం తప్పెలా అవుతుంది, చర్చి ముందు రోజూ ఊడవడం లేదా, మనిషి తల దువ్వుకోవడం లేదా, అని ఫల్గుణ తనతో తానే వాదించుకుంటున్నాడు. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో కత్తెర. మంత్రిగారు రిబ్బను కత్తిరించి చాలాసేపయింది. పళ్ళెం ఎక్కడ పెట్టాలో ఎవరూ చెప్పలేదు గనక పట్టుకునే ఉన్నాడు.

"ఈ సమాధుల తోటలో పాకే ప్రతి ప్రాణికీ, ఎగిరే ప్రతి ప్రాణికీ, మొలిచే ప్రతి మొక్కకీ నేటి నుంచి ప్రభుత్వం అండగా ఉంటుంది," అని మంత్రిగారు మైకులో ప్రకటించారు.

ఆ సమయానికి తోటలో పాకేదేదీ లేదు. మొలిచేది అంతకన్నా లేదు. అండ మాత్రం సిద్ధంగా ఉంది.

అనంతగిరికి పైనున్న ఆ ఊళ్ళో, పెంకుల చర్చి వెనక, ఆ తోట దొరల కాలం నుంచీ ఉంది. అక్కడ రాళ్ళూ, రాళ్ళ మీద పేర్లూ ఉండవు. పోయినవాళ్ళకి ఇష్టమైన మొక్కని తలవైపు నాటుతారు. ఆ మొక్కే గుర్తు. లోపల ఎవరూ కత్తి పెట్టరు, మేకల్ని తోలరు. చుట్టూ కొండలన్నీ కాఫీకీ చేలకీ పోయినా అదొక్కటీ చిట్టడవిలా మిగిలిపోయింది. విశాఖ నుంచి హేమలత అనే లెక్చరర్ వచ్చి, బయట కనిపించడం మానేసిన తీగలూ పిట్టలూ సీతాకోకచిలుకలూ అక్కడ బతుకుతున్నాయని పేపర్లో రాసింది. పాపం, మంచి ఉద్దేశంతోనే రాసింది. అది మంత్రిగారి దాకా వెళ్ళింది.

మంత్రిగారికి ప్రకృతి అంటే ప్రాణం. కారు అద్దంలోంచి ఆయన చూసినంత ప్రేమగా అడవిని ఇంకెవరూ చూడలేదు. ఆ ఏడు, అంటే 2002లో, పర్యావరణ దినోత్సవం నాడు ఆ తోటని 'జీవవైవిధ్య వనం'గా జాతికి అంకితం చేస్తానన్నారు. పార్టీలో ఏళ్ళ తరబడి జెండాలు కడుతున్న ఫల్గుణని కన్వీనర్ని చేశారు. పని సవ్యంగా జరిగితే మండల అధ్యక్ష పదవి అతనిదేనన్నారు.

ముందుగా మంత్రిగారి పీయే అప్పారావు వచ్చి, గేటు దగ్గరే ఆగిపోయాడు.

"పాములున్నాయేటయ్యా?"

"ఉంటాయండి. జీవవైవిధ్యం కదండీ."

"అయ్యగారొచ్చే రోజుకి ఉండకూడదు."

"తేళ్ళూ జెర్రులూ కూడా ఉన్నాయండి."

"అవీ కుదరవు."

"పోనీ, ఏటుండొచ్చండి?"

అప్పారావు ఆలోచించాడు. "నెమలుండొచ్చు. సిమెంటుది. లారీలో వస్తంది."

కత్తులు దిగాయి. ఊరిపెద్ద సుక్రు వచ్చి గట్టు మీద కూర్చున్నాడు.

"ఓరి ఫల్గుణా, ఏటి సేత్తన్నావు?"

"సుబ్బరం సేయిత్తన్నాను మామా. మంత్రిగోరొత్తన్నారు."

"మీ యమ్మ తలకాడ పసుపుండాల. అదీ కొట్టించేత్తావేటి?"

"మళ్ళీ నాటిత్తారు మామా. ఇంతకంటే మంచియి. కడియం నర్సరీల్నుంచి తెత్తన్నారు."

"మీ యమ్మ కడియం మొక్కలడిగిందేటి?"

ఫల్గుణ నవ్వాడు. నవ్వుతుండగానే లోపల ఏదో తలుపు చప్పుడు లేకుండా మూసుకోవడం అతనికి తెలిసింది. ఆ రోజంతా అమ్మ ఉన్న మూలకి వీపు పెట్టే పనివాళ్ళకి పని చెప్పాడు. మనిషి తల కాస్త పక్కకి తిప్పుకుంటే ఎంత పనైనా అయిపోతుందని కూడా అప్పుడే తెలిసింది. సాయంత్రం తిరిగి చూసేసరికి ఏ మూల ఏదో ఆనవాలు లేదు. వచ్చే సమాధుల పండక్కి అమ్మ కోసం కొవ్వొత్తి ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న మాత్రం ఉంది. అన్నం ముందు కూర్చుంటే చాలు, వచ్చి ఎదురుగా కూర్చుంటోంది.

ఖాళీ అయిన నేల మీద పచ్చగడ్డి పరిచారు. క్రోటన్లు వచ్చాయి. నెమలికి తోడుగా సిమెంటు జింక వచ్చింది. కొట్టేసిన మొక్కల బొమ్మలన్నీ పెయింటరు మల్లేశు చేత పెద్ద బోర్డు మీద వేయించారు. చాలా బాగా కుదిరాయి. మంత్రిగారు ఎగరెయ్యడానికి సీతాకోకచిలుకలు కావాలన్నారు. చుట్టుపక్కల ఒక్కటీ కనిపించక విశాఖ నుంచి పావురాలు తెప్పించారు. ఎగరేస్తే, వాలడానికి చెట్టు లేక, అవి జింక కొమ్ముల మీద వాలాయి. ఫొటోగ్రాఫర్లు ఎంతో సంతోషించారు.

ఉపన్యాసం ముగిసి మొక్క నాటే ఘట్టం వచ్చింది. ఎండ బాగా పడుతోందని కెమెరావాళ్ళు చూపించిన చోటే గొయ్యి తీశారు. ఫల్గుణ పళ్ళెంతో సహా దగ్గరికి వెళ్ళాడు. గొయ్యి పక్కన మట్టిపోగులో పసుపు కొమ్ములు. పార తగిలి విరిగినచోట రంగు ఇంకా తడిగా ఉంది. కొసలకి తెల్లటి మొలకలు.

ఆ తోటలో పసుపు ఇంకెవరి తలవైపునా లేదు. అమ్మ దొరికింది. మంత్రిగారి బూటు కింద దొరికింది.

"ఇదేమిటి, అల్లమా?" అన్నారు మంత్రిగారు.

"కలుపండి," అన్నాడు అప్పారావు. "ఎంత పీకినా వస్తంది."

మంత్రిగారు అశోక మొక్కని గోతిలో నిలబెట్టి, ఫొటోలు అయ్యేదాకా దాని వైపే తదేకంగా చూశారు. అప్పుడు సుక్రు జనంలోంచి ముందుకొచ్చాడు.

"బాబూ, మా ఆచారంల తలకాడ మొక్క నాటినోడే కొడుకు. ఆ ముసిల్దానికి ఇంక తమరే కొడుకు."

మంత్రిగారి కళ్ళు మెరిశాయి. మైకు మళ్ళీ తెప్పించుకున్నారు. "ఈ గిరిజన తల్లికి నేను కొడుకుని," అన్నారు గద్గదంగా. చప్పట్లు ఆగాక, మైకు పక్కకి పెట్టి, "ఇంతకీ ఎవరావిడ? ఆవిడ తాలూకు మనుషులెవరైనా ఉన్నారా?" అని అడిగారు.

ఊరంతా ఫల్గుణ వైపు చూసింది. ఫల్గుణ అప్పారావు జేబు వైపు చూశాడు. అధ్యక్షుడి పేరున్న కాగితం అందులోంచి కొంచెం బయటికి కనిపిస్తోంది.

"తెలీదండి," అన్నాడు. "పాత సమాధండి."

చర్చిలో చెప్పే కథలో, తెలీదన్నవాడి వెనకాల కోడి కూస్తుంది. ఇక్కడ ఏ కోడీ కూయలేదు. ఊళ్ళో కోళ్ళన్నీ మంత్రిగారి భోజనంలోకి వెళ్ళిపోయాయి.

"చూశారా," అన్నారు మంత్రిగారు మైకులో, "దిక్కులేని తల్లికి కొడుకు దొరికాడు. ఈ తోటని ఇంత శుభ్రంగా తీర్చిదిద్దిన ఫల్గుణ ఇకనుంచి మన మండల అధ్యక్షుడు. మిగిలిన శ్మశానాల్లోకి కూడా జీవవైవిధ్యాన్ని ఇలాగే తీసుకొస్తాం."

ఫల్గుణ మెడలో దండ పడింది. భోజనాలయ్యాక కార్లు ఘాట్ దిగాయి. జనం వెళ్ళిపోయారు. సుక్రు గేటు దాకా నడిచి వెనక్కి తిరిగాడు.

"అద్దెచ్చుడుగోరూ, పళ్ళెం ఇంకా సేతిలోనే ఉంది."

ఫల్గుణ పళ్ళేన్ని గడ్డి మీద పెట్టాడు. దండ తీసి నెమలి మెడలో వేశాడు. మోకాళ్ళ మీద కూర్చుని అశోక మొక్కని పట్టుకుని లాగితే, అడ్డు చెప్పకుండా వచ్చేసింది. వేళ్ళకి నర్సరీవాళ్ళు కట్టిన నల్ల కవరు అలాగే ఉంది.

మట్టిపోగులోంచి మొలక విరగని పసుపు కొమ్ము ఒకటి ఏరి, చొక్కాకి తుడిచి, గోతిలో పెట్టి, రెండు చేతులతో మన్ను కప్పాడు.