ఊఁ కొట్టే బొమ్మ

ఆ పొద్దున ఇంజనీరు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఆఫీసుకు పెందలాడే చేరి, తను తయారుచేసిన మనిషి బొమ్మను రిసెప్షన్‌లో నిలబెట్టాలి. మధ్యాహ్నం హోటళ్ళ యజమానురాలొకావిడ వచ్చి దాన్ని చూసి, మెచ్చి, కొనాలి. కొనకపోతే మర్నాటినుంచి నువ్వు రానక్కర్లేదని మేనేజరు ముందే చెప్పేశాడు. ఆ బెంగతో అతను బూట్ల లేసులు కట్టుకుంటూంటే, భార్య పక్కనే నిలబడి తన తమ్ముడి సంగతేదో, గది సంగతేదో చెబుతోంది.

"వింటున్నారా?"

"ఊఁ."

"మరి మీకిష్టమేనా?"

"ఊఁ."

నిజానికి బొమ్మ గొప్పతనమంతా ఈ ఊఁలోనే ఉంది. "అచ్చం మనిషిలా ఉండాలయ్యా!" అని మేనేజరు పోరుపెడితే ఇంజనీరు దానికి చక్కటి ఆడమనిషి మొహం పెట్టాడు, రెప్పలార్పడం నేర్పాడు. అయినా గోడతో మాట్లాడినట్టే ఉందన్నారందరూ. చివరికి అతనికి తన కాపురం గుర్తొచ్చింది. ఎదుటివాళ్ళు ఎక్కడ ఆగితే అక్కడ తల కాస్త వంచి "ఊఁ" అనడం నేర్పాడు. అంతే, బొమ్మకు జీవకళ వచ్చేసింది. ప్రశ్నలకు జవాబులు చెప్పే భాగం మాత్రం ఇంకా పూర్తికాలేదు. దాని సంగతి చూద్దామని బొమ్మను రిసెప్షన్‌లో వదిలి, వెనకగదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

కాసేపటికి సామాన్లు తరలించేవాళ్ళు వచ్చారు. వాళ్ళు ఖాళీ చేయాల్సింది పై అంతస్తులోని ఆఫీసు.

"ఖాళీ చేయాల్సింది ఇదేనా అమ్మా?"

"ఊఁ."

"బల్లలూ కుర్చీలూ అన్నీనా?"

"ఊఁ."

ఎంత మర్యాదగా చెప్పిందో అనుకుంటూ వాళ్ళు పనిలోకి దిగారు. కూర్చున్న కుర్చీ లాగేసరికి గుమాస్తా ఉలిక్కిపడి రిసెప్షన్‌కు పరుగెత్తాడు.

"ఏంటమ్మా ఇది, ఆఫీసు మూసేస్తున్నారా?"

"ఊఁ."

"మా ఉద్యోగాలు పోయినట్టేనా? మా బదులు నీలాంటి బొమ్మల్ని పెడతారా?"

"ఊఁ" అంది బొమ్మ, ఎంతో జాలిగా తల వంచి.

ఉద్యోగం ఎలాగూ ఊడిందన్న ధైర్యంతో గుమాస్తా తిన్నగా మేనేజరు గదిలోకి దూసుకెళ్ళాడు. "సార్, ఇన్నేళ్ళూ మీ జోకులకు ఎందుకు నవ్వానో తెలుసా? జీతం కోసం! ఒక్కటంటే ఒక్కదానికీ నవ్వు రాదు!" గుమ్మం దగ్గర మూగిన మిగతావాళ్ళు చప్పట్లు కొట్టారు. అంతలో తరలించేవాళ్ళు ఇద్దరొచ్చి, "కాస్త లేస్తారా సార్?" అని మేనేజరు కుర్చీ పట్టుకుపోయారు.

ఆయన కోపంతో ఊగిపోతూ బొమ్మ ముందుకొచ్చాడు. అది బొమ్మేనని ఆయనకు అందరికన్నా బాగా తెలుసు. అయినా మొహం మొహంలా ఉంటే నోరు ఊరుకోదు కదా.

"ఎవరు చేయమన్నారు ఇదంతా? ఓనరుగారేనా?"

"ఊఁ."

మేనేజరు గొంతు పీలగా అయిపోయింది. "నన్ను కూడా తీసేశారా?"

"ఊఁ."

ఆయన అక్కడే చతికిలబడ్డాడు. కుర్చీలు లేవు గనక నేలమీద.

ఆఖరికి తన బల్లకోసం కూడా మనుషులు వచ్చాక, ఇంజనీరు లాప్‌టాప్‌ను చంకలో పెట్టుకుని బయటికొచ్చాడు. హాలంతా బోసిగా ఉంది. మనిషనుకుని తరలించేవాళ్ళు వదిలేసిన బొమ్మ ఒక్కటే మధ్యలో నిలబడి ఉంది. దాని ఎదురుగా హోటళ్ళ యజమానురాలు! పనివాళ్ళు మాట వినరనీ, మోకాళ్ళ నొప్పులనీ, కోడలు ఫోన్ చేయదనీ ఆవిడ చెప్పుకుపోతోంది. బొమ్మ ఊఁ కొడుతోంది. ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

"ఇంత ఓపిగ్గా నా మాట విన్నవాళ్ళే లేరయ్యా!"

మేనేజరు నేలమీంచి ఆశగా సగం లేచాడు.

"ఇంతకీ నేనేం చెప్పానమ్మా?" అని మురిపెంగా అడిగింది ఆవిడ.

"ఊఁ."

ఆవిడ మొహం మాడిపోయింది. "మనిషిలా ఉండాలన్నాను గానీ, మా ఆయనలా ఉండాలన్నానా?" అని గిరుక్కున తిరిగి తలుపు వైపు నడిచింది.

ఇంజనీరు లాప్‌టాప్ తెరిచాడు. గబగబా ఊఁని ఆపేసి, జవాబుల భాగాన్ని అలాగే బొమ్మలోకి ఎక్కించేశాడు. అందులో పనిచేసే వాక్యం అప్పటికి ఒక్కటే.

"క్షమించండి, నేను వినలేదు. మళ్ళీ చెప్పండి" అంది బొమ్మ.

యజమానురాలు ఆగిపోయింది. "ఏమన్నావ్?"

"క్షమించండి, నేను వినలేదు. మళ్ళీ చెప్పండి."

ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. "నా జన్మలో ఈ మాట ఒప్పుకున్న మనిషిని చూడలేదయ్యా! ఇది మనిషిలా లేదు, అందుకే నచ్చింది. అన్ని హోటళ్ళకూ పంపించండి. ఆ మొహం కూడా పీకేయండి, దాన్ని చూసే కదా నేను మోసపోయింది!"

ఖాళీ చేయాల్సింది పై అంతస్తని తేలి, సాయంత్రానికి కుర్చీలు తిరిగొచ్చాయి. మేనేజరు సంబరంకొద్దీ ఒక జోకు వేశాడు. గుమాస్తా అందరికన్నా ముందు నవ్వాడు.

ఉద్యోగం నిలబడిన ఆనందంలో ఇంజనీరు తేలిపోతూ ఇంటికి వెళ్తే, వీధి మలుపులోనే ధనధనమని మోత వినిపించింది. అతని పనిగదిలో బల్ల లేదు. ఆ చోట పెద్ద పెద్ద డ్రమ్ములున్నాయి, వాటి వెనక చెమటలు కక్కుతూ బావమరిది ఉన్నాడు.

"థాంక్స్ బావగారూ! అక్క అడగ్గానే ఒప్పుకున్నారట!"

"వీడు నేర్చుకునేదాకా మీ గది వీడికేనని పొద్దున మీరే కదండీ ఒప్పుకున్నారు?" అంది భార్య, అతని తెల్లబోయిన మొహం చూసి. "అసలు నేను చెప్పింది విన్నారా?"

బొమ్మకు నేర్పిన వాక్యం ఇంజనీరు నాలుక చివరిదాకా వచ్చింది.

"ఊఁ" అన్నాడు.