పద్నాలుగో నంబరు డబ్బా

ఆ మంగళవారం పొద్దున అన్నపూర్ణేశ్వరి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికల్లా గోధుమరవ్వ ఉప్మా చేసి, ఎనిమిదింటికి భర్తను ఆటో ఎక్కించి, తొమ్మిదికి ఆసుపత్రిలో కాలు చూపించి, మధ్యాహ్నానికి ఆర్.కె.పురం క్వార్టర్స్‌కి తిరిగొచ్చి పప్పు పొయ్యి మీద పెట్టడం. దారిలో ఆటో బోల్తా పడకపోతే, డాక్టరు మొహం తిప్పుకోకపోతే. ఏ పథకానికైనా చివర ఇలాంటివి ఒకటి రెండు తగిలించడం ఆమెకు అలవాటు.

నాగభూషణం దిల్లీలో ఒక మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసరు. షుగర్ ఉంది. రెండువేల ఆరు ఆగస్టులో కొత్త బూటు కరిచి కుడికాలి రెండో వేలి కింద పుండు పడింది. పడినది మళ్ళీ పోలేదు. "ఇలాగే ఉంటే వేలు తీసెయ్యాలి," అన్నాడు సర్జను, గోరు కత్తిరించాలి అన్నంత తేలిగ్గా. ఆఖరి ప్రయత్నంగా అదే ఆసుపత్రిలో డాక్టర్ ఇషిత చేస్తున్న పరిశోధనలో చేర్చుకున్నారు. పట్టుగూళ్ళను కరిగించి, అందులోని ప్రోటీనును ఉల్లిపొరంత పల్చగా ఆరబెట్టి పుండు మీద వేస్తారు. దాన్ని పట్టుకుని కొత్త చర్మం అల్లుకుంటుందట.

"నీ ధర్మవరం చీరలో ముక్క కత్తిరించి కట్టెయ్యవే. ఇంత దూరం దేనికి?" అన్నాడు నాగభూషణం, ఆటోలో కాలు చాపుకుంటూ.

"వేళాకోళాలు వేలు పోయాక చేసుకోండి," అంది ఆమె.

ఆమె దిగులు వేరే ఉంది. ఆసుపత్రి ఇచ్చిన ఇంగ్లీషు కాగితాలు ముందురోజే కూతురు కిరణ్మయి చదివి చెప్పింది.

"మమ్మీ, సగం మందికే అసలుది ఇస్తారు. మిగతా వాళ్ళకి అచ్చం అలాగే కనబడే మామూలు పొర. ఎవరికి ఏదో డాక్టర్‌కి కూడా తెలీదు."

"రోగికీ తెలీక, డాక్టరుకీ తెలీక, మరి ఎవరికి తెలుసే?"

"కంప్యూటర్‌కి. అర్రే, అలా చేస్తేనే రిసెర్చ్!"

అన్నపూర్ణేశ్వరికి ఆ క్షణంలోనే అర్థమైపోయింది. తన భర్తకు వచ్చింది మామూలు పొర. అదృష్టం అన్నది ఎన్నడైనా తమ ఇంటి నంబరు చూసుకుని వచ్చిందా? కావాలంటే డాక్టరమ్మ మాటే సాక్ష్యం. కిందటిసారి పుండు కొలిచి "థోడా బెటర్ హై, ఆంటీజీ" అంది, కాస్త నయమేనని. చివరి దశలో ఉన్నవాళ్ళ ఇంట్లోవాళ్ళతో డాక్టర్లు అనే మాట అదే కదా!

ఇంకొక ఫారం కూడా ఉంది. ఇంట్లో కట్టు కట్టేవాళ్ళ మనసు ఎలా ఉంటే గాయం ఎలా మానుతుందో కూడా ఆ పరిశోధనలో చూస్తున్నారు. నిద్ర పడుతోందా, భయం వేస్తోందా, ఊరికే ఏడుపొస్తోందా అని పది ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా వెయ్యాలి. ఆమె ప్రతిసారీ పదింటికీ సున్నాలే చుట్టేది. భయం ఉందని రాస్తే ఆయన్ని పరిశోధనలోంచి తీసేస్తారేమోనని భయం.

ఆసుపత్రి బెంచీ మీద అప్పటికే అనసూయ, ఆమె భర్త బసవపున్నయ్య కూర్చుని ఉన్నారు. ఆయన రైల్వేలో చేసి రిటైరైన మనిషి, మునిర్కాలో ఉంటారు. అదే రోగం, అదే పరిశోధన. ఈ ఆరు వారాల్లో ఆడవాళ్ళిద్దరూ వరసలు కూడా కలుపుకున్నారు.

"మావారిది చింతగింజంతయింది వదినగారూ! మీవారిది?"

"రేగుపండంత," అంది అన్నపూర్ణేశ్వరి.

ఇంట్లో వేసుకోవడానికి పొరల పొట్లాలు డబ్బాలో పెట్టి ఇస్తారు; లెక్క చూడటానికి ఎవరి డబ్బా వాళ్ళు తెచ్చుకోవాలి. నాగభూషణానిది పద్నాలుగో నంబరు, బసవపున్నయ్యది ఇరవై ఏడు. నంబరు డబ్బా మీదే ఉంది, లోపలి పొట్లాల మీద లేదు. ఇంతలో నర్సు మగవాళ్ళిద్దరినీ బరువు చూడటానికి పిలిచింది. "ఈ సంచి కాస్త చూస్తుండండి," అని అనసూయ కూడా వెళ్ళింది.

అన్నపూర్ణేశ్వరి ఆ సంచిని చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత రెండు డబ్బాలూ తెరిచి, ఇందులో ఎనిమిది పొట్లాలు అందులోకి, అందులో ఎనిమిది ఇందులోకి మార్చేసింది. పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో ఆమె పరాయివాళ్ళ కరివేపాకు రెమ్మ కూడా అడక్కుండా తెంపలేదు.

శుక్రవారం ఫోను మోగింది. "మావారికి ఒళ్ళు కాలిపోతోంది వదినా, ఆసుపత్రిలో చేర్చాం," అంది అనసూయ.

అన్నపూర్ణేశ్వరి రిసీవరు పట్టుకునే నేల మీద కూలబడింది. మామూలు పొర వేసిన పుండు విషమించింది, విషం ఒళ్ళంతా పాకింది, మనిషి పోబోతున్నాడు, తాను చంపింది. అంతా ఒక్క నిమిషంలో తేలిపోయింది. వెంటనే భర్త కాలికున్న పొర ఊడదీసి, ఉత్త గాజుగుడ్డ చుట్టింది. మిగిలిన పొట్లాలు బసవపున్నయ్యకు తిరిగిచ్చెయ్యాలని మూట కట్టింది.

"అదేమిటే, కట్టు మారింది?" అన్నాడు నాగభూషణం.

"మారలేదు. మీ చూపు మందగించింది. అది కూడా చక్కెరే," అంది.

శనివారం మూట తీసుకుని ఆసుపత్రికి పరిగెత్తింది. వార్డులో బసవపున్నయ్య దిండుకానుకుని కొబ్బరినీళ్ళు తాగుతున్నాడు. మంచం కాళ్ళదగ్గర నిలబడి ఆయన్ని చూడగానే ఆమెకు దుఃఖం ఆగలేదు. పక్క మంచాల వాళ్ళు లేచి కూర్చునేంత ఏడ్చింది.

"ఏమైందమ్మా?" అన్నాడు బసవపున్నయ్య, గ్లాసు దింపి.

"ఏం లేదు అన్నయ్యగారూ. మీరు మాత్రం ధైర్యంగా ఉండాలి."

"డాక్టరు గానీ మీతో ఏమైనా చెప్పిందా?"

ఆమె కొంగు నోట్లో కుక్కుకుని తల అడ్డంగా ఊపింది. ఆ ఊపడంలో ఆయనకు సమస్తం తెలిసిపోయింది. అనసూయ మందులకు కిందకు వెళ్ళిన సందు చూసుకుని, సెల్‌ఫోను తీసి తెలుగు సంఘం కార్యదర్శి పద్మనాభానికి చేశాడు. తన తరవాత అనసూయను ఎవరు చూసుకోవాలో మాట్లాడదామని ఆయన ఉద్దేశం. పద్మనాభం ఉత్సాహవంతుడు, సగమే విన్నాడు.

"అయ్యో, ఎంత పని జరిగింది! వాను ఎన్నింటికి పంపమంటారు?" అన్న కేక వార్డంతా వినిపించింది.

"నేనింకా బతికే ఉన్నానయ్యా!"

"ఫరవాలేదండీ, అయితే రేపటికి పెట్టుకుందాం."

అప్పుడే గుమ్మంలోకి వచ్చిన అనసూయ చేతిలో మందుల సంచి, ఆ వెనకే అనసూయ, కింద పడ్డారు. బసవపున్నయ్య రక్తపోటు చూసిన నర్సు ఇంకొకసారి చూసింది. ఎవరో డాక్టర్ ఇషితను పిలుచుకొచ్చారు. అన్నపూర్ణేశ్వరి ఆవిడ రెండు చేతులూ పట్టుకుని, వచ్చిన హిందీ అంతా కలిపి, చేసిన పని చెప్పేసింది.

ఇషిత పక్కనున్న స్టూలు మీద కూర్చుండిపోయింది. "ఎన్ని పొట్లాలు మార్చారు?"

"అన్నీ."

"మీ ఫారంలో అన్నీ సున్నాలే ఉన్నాయి కదా, ఆంటీజీ!"



పరిశోధనలో ఉన్న మనిషి జబ్బుపడ్డాడు, పైగా పొట్లాలు మారాయి. ఇక దాచి లాభం లేదని పెద్ద డాక్టరు అనుమతితో, ఎవరికి ఏ పొరో రాసి మూసిన సీలు కవర్లు తెప్పించి అక్కడే చించారు. ఇషిత చదివింది. "పద్నాలుగు, పట్టు." రెండో కవరు చించింది. "ఇరవై ఏడు, పట్టు."



"ఈయనకు వచ్చింది డెంగ్యూ. దిల్లీలో సగం మందికి వచ్చింది. పుండుతో దానికి సంబంధమే లేదు. నాలుగు రోజుల్లో ఇంటికెళ్తారు," అంది ఇషిత.

అన్నపూర్ణేశ్వరి మొహంలోకి చాలా వారాల తర్వాత రక్తం వచ్చింది. "అయితే నా వల్ల ఏమీ మారలేదన్నమాట!"

"మారలేదు, ఆంటీజీ. ఇప్పుడు మారుతుంది."

కవరు విప్పాక ఇద్దరూ పరిశోధనలో ఉండటానికి వీల్లేదు. ఆ పొర బజారులో దొరకదు. మినహాయింపు కావాలంటే కమిటీని అడగాలి, కమిటీ జనవరిలో కూర్చుంటుంది. మూట విప్పి పొట్లాలు లెక్కపెట్టి తీసేసుకున్నారు. నాగభూషణం కొలతల కాగితం ఇషిత ఆమెకు చూపించింది. రేగుపండు ఆరు వారాల్లో సగానికి తగ్గింది. ఇంకో నెల అలాగే సాగితే మూసుకునేదట. రోజూ దానికేసి చూస్తూ కూర్చున్న మనిషికి ఆ తగ్గడం కనిపించలేదు.

బసవపున్నయ్య పుండు అప్పటికే చింతగింజ కాబట్టి ఉత్త గాజుగుడ్డతోనే మానిపోయింది. అనసూయ వరస మానేసి, "ఏమండీ" అని పిలవడం మొదలుపెట్టింది. నాగభూషణం వేలు జనవరి దాకా ఆగలేదు. డిసెంబరు మూడోవారంలో తీసేశారు. మత్తు దిగాక ఆయన దుప్పటి ఎత్తి కాలివేపు కాసేపు చూసుకున్నాడు.

"నన్ను తిట్టండి," అంది అన్నపూర్ణేశ్వరి.

"తిడితే దానికి కూడా భయపడతావు," అని ఆయన దుప్పటి మళ్ళీ కప్పుకున్నాడు.

పరిశోధన నుంచి తప్పించిన కాగితాల్లో, కారణం అన్న గడిలో, నాగభూషణానికి 'భార్య' అనీ బసవపున్నయ్యకు 'ఇంకొకరి భార్య' అనీ రాసి ఉంది.