మోకా కాలువ తృణరక్షణం

చివరి చెరుకు బండి ఫ్యాక్టరీ గేటు దాటి, పొగగొట్టాలు మౌనవ్రతం పట్టి, మళ్లీ కోతలకు ఇంకా మూడు మాసాల ఎడమున్న పందొమ్మిది వందల అరవై ఏడు మార్చిలో, హిందూమహాసముద్ర మధ్యస్థమై, తరంగ పరివేష్టితమై, ఒక జెండా దిగనూ లేక ఇంకో జెండా ఎక్కనూ లేక ఊగిసలాడుతున్న మారిషస్ ద్వీపంలో, మోకాకూ సెయింట్ పియర్‌కూ నడుమ దారి పక్కనున్న వాననీటి కాలువ గట్టున ఒక మహాసంగ్రామం జరిగింది. పని లేనివారు ఇప్పుడే వినండి. పని ఉన్నవారు నింపాదిగా చేసుకుంటూ వినండి. ఎందుకు నింపాదిగానో కథే చెబుతుంది.

ఆ రణానికి నాయకుడు అప్పన్న. ఇక్షుదండ ఖండన ప్రచండుడు, ముప్పయ్యేళ్లవాడు. చెరుకు తోటలో పొద్దున్నే ఇంత మేర నీదని కొలిచి చూపిస్తారు. దాన్ని తాషు అంటారు. తాషు ముగించినవాడు ఇంటికి పోవచ్చు. అప్పన్న తాతకూ తండ్రికీ అతనికీ వంశపారంపర్యంగా వచ్చిన విద్య అదొక్కటే: వంచిన నడుము ఎత్తకుండా, పక్కవాడికంటే ముందు ముగించడం.

అంతటివాణ్ణి కోతలయ్యాక తోట మళ్లీ పిలవలేదు. డిసెంబరు నుంచి భార్య చిన్నమ్మతో సహా బావమరిది గోపాలం వరండాలో ఉంటున్నాడు. గోపాలం పల్లెత్తు మాట అనలేదు. ఆ అనకపోవడమే అప్పన్నకు అన్నం ముద్దతోపాటు గొంతులో అడ్డం పడుతోంది. పదకొండు సోమవారాలు సర్కారు కిటికీ ముందు వరసలో నిలబడ్డాక పన్నెండో సోమవారం అతని పేరు పలికింది.

ఎందుకంటే ఆ రోజుల్లో సర్కారు నిరుద్యోగమనే రాక్షసిని నిర్మూలించ సంకల్పించి, దీవి నలుమూలలకూ సేనలను నడిపింది. మోకా కాలువ మీదికి పన్నెండు మంది పదాతులనూ, అయిదు పారలనూ పంపింది. గట్టు పొడవునా గడ్డి పీకాలి. ప్రతి శుక్రవారం ఇన్‌స్పెక్టరు వచ్చి చూస్తాడు. గడ్డి మిగిలి ఉంటే పని ఇంకో వారం సాగుతుంది. మిగలకపోతే పని పూర్తయినట్టే; పన్నెండుగురూ ఎవరి వరండాకు వాళ్లు పోవచ్చు.

ఇందులోని ధర్మసూక్ష్మం ఎరిగినవాడు ఆ పన్నెండుగురిలోనే పెద్ద అయిన సర్దారు ఎంకన్న. అయిదు వారాలుగా శత్రువును చంపీ చంపకుండా, తరిమీ తరమకుండా, ఆ గడ్డిని కన్నబిడ్డలా సాకుతున్నాడు. అయితే కొత్తగా చేరిన అప్పన్నకు ఈ రహస్యం ఉపదేశించడం మరిచి, గురువారం పొద్దున మిగతా పారల కోసం రోజ్ హిల్ బస్సెక్కాడు. కురుక్షేత్రంలో కూడా ఇంత పెద్ద పొరపాటు జరగలేదు.

పారలు వచ్చేదాకా మిగిలిన పది మంది యోధులు బస్సు షెల్టరులో డామినో ఆటకు కూర్చున్నారు. అప్పన్నకు కూర్చోవడం చేతకాలేదు. ఎంతో కొంత కొలిచి చూపిస్తారేమోనని చూశాడు, ఎవరూ కొలవలేదు. కాబట్టి కనుచూపు మేరంతా తన తాషేననుకున్నాడు. ఇంటి నుంచి తెచ్చుకున్న తాతల నాటి పార ఎత్తి, నడుము వంచి, చెమట కళ్లలోకి కారినా తుడుచుకోక, దాహమేసినా తలెత్తక, తుంగను తుంచి, గరికను పెరికి, ముళ్లకంపలను కూకటివేళ్లతో పెకలించి, కప్పలను నిర్వాసితులను చేసి, ప్రళయకాల ప్రభంజనంలా గట్టు వెంట సాగిపోయాడు. డామినోల చప్పుడులో షెల్టరుకు ఈ విధ్వంసం వినిపించలేదు.

రెండింటికి బస్సు దిగిన ఎంకన్న చేతిలోని పారలు కిందపడ్డాయి. గట్టు గుండు గీసినట్టు మెరుస్తోంది. తూము మూతి దగ్గర ఈతచాపంత జాగాలో మాత్రం పచ్చగా ఉంది. అప్పన్న అటే పోతున్నాడు.

"ఆగరా," అన్నాడు ఎంకన్న. పరుగున గట్టెక్కాడు. మళ్లీ అన్నాడు: "ఆగరా నాయనా. ఆ పార కింద పెట్టు. నెమ్మదిగా పెట్టు."

"ఇంకో పావుగంట పని మామా. ముగించేసి ఇంటికి పోదాం."

"పోతాం. అందరం పోతాం. మళ్లీ రాం." ఎంకన్న గట్టు మీద కూలబడ్డాడు. "ఒరే, తోటలో పని ముగిస్తే ఇంటికి పంపుతారు. సర్కారు పని ముగిసినా ఇంటికే పంపుతారు. రెండూ ఒకటి కాదురా."

అర్థమైన క్షణాన అప్పన్న పార నెమ్మదిగా కింద పెట్టాడు. బావమరిది వరండా కళ్లముందు కనబడింది. తనది ఒక్కటే కాదు, పన్నెండు వరండాలు. పదకొండు మంది అతని చుట్టూ మూగి, అతని పూర్వీకులను పేరుపేరునా స్మరించారు. చివరికి ఎంకన్న తీర్పు చెప్పాడు: రేపు పది గంటలకు ఇన్‌స్పెక్టరు వచ్చేదాకా ఈ చాపెడు గడ్డికి అప్పన్నే అంగరక్షకుడు. ఒక్క పోచ పోయినా వాడు మనిషే కాదు.

శుక్రవారం పొద్దున ఎనిమిదింటికే తృణరక్షణ ధురంధరుడు పార గదలా భుజాన పెట్టుకుని తూము ముందు నిలిచాడు. తొమ్మిదిన్నర దాకా శత్రుజాడ లేదు. అప్పుడు సెయింట్ పియర్ వైపు నుంచి, వక్రశృంగద్వయ విరాజితమూ, శ్మశ్రుశోభిత గంభీర వదనమూ అయిన ఒక మేక వచ్చింది. మైలు పొడవునా బోడిగట్టు చూసి ఆకలి మీదున్న మేక. దాని వెనక తాడు పట్టుకోకుండా, తాపీగా పోలమ్మ. వితంతువు, చిన్నమ్మకు మేనత్త, ఆ మేక పాలే ఆధారంగా బతికే మనిషి.

మేక ఒక్క దూకు దూకింది. అప్పన్న పార అడ్డం పెట్టాడు. అది ఎడమకు లంఘించింది. అతను ఎడమకు తిరిగాడు. అది కుడికి వచ్చి ఒక పట్టు పట్టింది. పచ్చదనం చాపలోంచి తువ్వాలంత అయింది. అతను కొమ్ములు పట్టుకున్నాడు. అది తల విదిలించింది. ఇద్దరూ కలిసి కాలువలో పడ్డారు. ముందుగా లేచింది మేకే.

షెల్టరులో పదకొండు మంది నిలబడి చూస్తున్నారు. దిగి సాయం రావచ్చు గానీ, నిన్నటి కోపం ఇంకా చల్లారలేదు.

"ఏటి అప్పన్నా," అంది పోలమ్మ గట్టు మీద కూర్చుని. "గడ్డి తియ్యమని సర్కారు నీకు జీతం ఇస్తంది. నా మేక ఊరికే తీస్తంది. దానితో నీకు తగువేటి?"

బురదలోంచి తల ఎత్తి అప్పన్న తన జీవితంలో మొదటి ఉపన్యాసం ఇచ్చాడు. "అత్తా, నీ మేక తింటే పన్నెండు ఇళ్లు తినవు. ఇది అయిపోతే మా త్రవాయ్, ఈ సర్కారు పని, అయిపోతాది. నీ మేనకోడల్ని ఏ మొహం పెట్టుకుని గోపాలం ఇంట్లో ఉంచను?"

పోలమ్మ ఆలోచించింది. ఈలోగా మేక ఇంకో పట్టు పట్టింది, తువ్వాలు జేబురుమాలైంది. మోకా మలుపులో కారు హారను వినిపించింది.

"పన్నెండు ఇళ్లు అన్నావు," అంది పోలమ్మ నిదానంగా. "మరి నా ఇల్లు? నేనూ ఆ కిటికీ ముందు నిలబడ్డాను. ఆడదానివి, పో అన్నారు. నా పేరు రాయిస్తే మేకను పట్టుకుంటాను. లేదా, అది తన పని తాను చేసుకుంటది."

అప్పన్న ఎంకన్న వైపు చూశాడు. ఎంకన్న కారు వైపు చూశాడు. ఎంత రాజనీతిజ్ఞుడికైనా సంధికి అంతకంటే తక్కువ సమయం దొరకదు. ఎంకన్న తల ఊపాడు.

పోలమ్మ లేచి, చేతి వేళ్లతో మేక చెవి ఒక్కటి మెలిపెట్టింది. అంతటి మహాఛాగమూ పిల్లిలా వెనక్కి నడిచింది. అప్పన్న మిగిలిన గడ్డి మీద రెండు చేతులూ గొడుగులా పట్టి బోర్లా పడుకున్నాడు.

కారు దిగిన ఇన్‌స్పెక్టరు జీన్ పొట్టి మనిషి, బూట్లు ఎప్పుడూ మెరిసేవి. మైలు మేర నున్నని గట్టు చూశాడు. మొహం పాలిపోయింది. ఆ వారం అతని జాబితాలో ఉన్న పదిహేను కాలువల్లో నాలుగు అప్పటికే పూర్తయ్యాయి. అన్నీ పూర్తయితే తనిఖీకి ఏం మిగులుతుందో అతనికీ తెలుసు. పూర్తయిందా అని ద్వీపభాష క్రెయోల్‌లో అడిగాడు.

అప్పన్న పక్కకు దొర్లాడు. ఇన్‌స్పెక్టరు వంగి, కళ్లద్దాలు తుడుచుకుని, లెక్కపెట్టాడు. ఏడు పోచలు. మొహంలోకి రక్తం వచ్చింది. శత్రువు ఇంకా బలంగానే ఉన్నాడని గంభీరంగా ప్రకటించాడు. తర్వాత మేకనూ పోలమ్మనూ చూసి, ఈమె ఎవరన్నాడు.

"మేకల కాపలా, ముస్యే," అన్నాడు ఎంకన్న. "ఆవిడ లేకపోతే పని ఈపాటికి అయిపోయేది."

ఆ మాటలోని సత్యం ఇన్‌స్పెక్టరు గుండెకు సూటిగా తగిలింది. కారు బానెట్ మీద కాగితం పెట్టి రాశాడు: గట్టు పని అసంపూర్ణం, పన్నెండు మంది ఇంకో వారం, జంతువుల బెడద తీవ్రం, కాపలాకు ఒకరు అదనం. పోలమ్మ వేలిముద్ర వేసి, బొటనవేలు కొంగుకు తుడుచుకుంది.

వినండి, ద్వీపవాసులారా. అంతటి సామ్రాజ్యమూ, రాబోయే స్వరాజ్యమూ కలిసి పది వేల మందికి చూపలేని దారిని ఆ ఉదయం ఏడు గడ్డిపోచలు పదముగ్గురికి ఒక వారంపాటు చూపించాయి. రణరంగంలో నెత్తురు చిందలేదు. వీరుడి పంట్లాం మోకాలి దగ్గర చిరిగింది. విజయోత్సవంగా అప్పన్న చేతిలోంచి పార తీసుకుని, డామినోల్లో ఒక చేయి వేయమని పదకొండు మందీ షెల్టరులో జరిగి చోటిచ్చారు. అతను కూర్చున్నాడు, మొదటిసారి, ఆత్రపడకుండా ఆడాడు.